నేను పారేసిన గొంతులు

కొత్తగా చేరే పిల్లలు మొదటి రోజు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సార్, గిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమేనా?"

ఇంటి దగ్గర ఏమని చెప్పుకోవాలో తెలియక అడుగుతారు. అవునంటే పూర్తి నిజం కాదు. కాదంటే వాళ్ల ముఖం చిన్నబోతుంది. నేనూ చాలాకాలం జవాబు దాటవేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేశాను కాబట్టి తీరిగ్గా చెబుతున్నాను.

బెంగళూరులోనో, బెర్లిన్‌లోనో, శాన్‌ఫ్రాన్సిస్కోలోనో నలుగురు కుర్రవాళ్లు కలిసి ఒక కొత్త కంపెనీ పెడతారు. దాన్ని స్టార్టప్ అంటారు. బాగా నడిస్తే వాళ్ల ఫొటోలు పేపర్లలో వస్తాయి. వాళ్లు తయారుచేసే యంత్రానికి తెలివి దానంతట అది రాదు. ఇది కారు, ఇది మనిషి, ఈ శబ్దం ఫలానా మాట అని ఎవరో ఒకరు కూర్చుని వేలసార్లు చూపించాలి. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం పైఅంతస్తులో కూర్చుని ఆ పని చేసింది మేము. దాన్ని లేబులింగ్ అంటారు. నేను అక్కడ క్వాలిటీ చూసేవాణ్ణి. పిల్లలు చేసిన పనిని మళ్లీ చూసి, తప్పయితే తిప్పి పంపడం నా బాధ్యత.

అంతకుముందు నేను వరంగల్‌లో ఒక పత్రికలో ప్రూఫ్‌రీడర్ని. జిల్లా ఎడిషన్ మూతపడ్డాక ఇంట్లో కూర్చున్నాను. మాధవి వచ్చింది అప్పుడే. ఆమెది జనగామ, బట్టల వ్యాపారం చేసే కుటుంబం. బెంగళూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ముందు జనగామలో, తర్వాత మహబూబాబాద్‌లో ఈ సెంటర్లు తెరిచింది. నాకు కంప్యూటర్ సరిగా రాదని చెప్పాను.

"కంప్యూటర్ రాకున్న ఫరక్ లేదు సార్," అంది. "అచ్చరం తప్పువోతె కనిపెట్టే కన్ను గావాలె నాకు. గది మీకున్నది."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. తర్వాత జరిగిన పొరపాటు అంతా ఆ కంటి వల్లే జరిగింది.

సైకిల్ వెనుక పెట్టె

మొదట్లో మాకు మాటల పని లేదు, బొమ్మల పని ఉండేది. బెర్లిన్‌లో ఒక కొత్త కంపెనీ, డ్రైవరు లేకుండా నడిచే బండ్ల కోసం వీధుల వీడియోలు పంపేది. అందులో కనబడే ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు పెట్టాలి. కారు, సైకిలు, మనిషి, సామాను, ఇలా.

మా పిల్లలకు మంచు పడిన వీధులు చూడటం సరదాగా ఉండేది. ఆ వీధుల్లో కొందరు సైకిల్ వెనుక గుడ్డ కప్పిన చిన్న పెట్టె తగిలించుకుని పోయేవారు. మేం దానికి "సామాను" అని పేరు పెట్టాం. కొన్ని వారాలు అలాగే పెట్టాం. ఒకరోజు బెర్లిన్ నుంచి ఒకావిడ ఫోన్‌లో మాధవితో మాట్లాడింది. గొంతు పెంచలేదు. "ఆ పెట్టెలో పిల్లలు కూర్చుంటారు. అది సామాను అనుకుంటే ఆ పెట్టెకు ఎంత దూరంలో ఆగాలో మా బండికి తెలియదు," అంది.

మేమంతా ఆ వీడియోలు మళ్లీ పెట్టుకుని చూశాం. నిజమే. గుడ్డ సందులోంచి ఒక ఎర్ర టోపీ కనబడుతూనే ఉంది. అందరం చూశాం, ఎవరం చూడలేదు. ఆ రోజు మధ్యాహ్నం ఎవరూ డబ్బాలో తెచ్చుకున్న అన్నం సరిగా తినలేదు. ఇక్కడ కూర్చుని మనం పెట్టే పేరు ఎక్కడో ఒక వీధిలో ఒక పిల్లవాడి మీద పనిచేస్తుందని నాకు అప్పుడు తెలిసింది. తెలిసింది గానీ, ఒంటబట్టలేదు.

సుజాత మాట

తర్వాత మాటల పని వచ్చింది. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ. దాన్ని పెట్టినవాడు కార్తీక్ అనే యువకుడు. తల్లిదండ్రులది కోస్తా వైపు, తను పెరిగింది బెంగళూరులో. ఊళ్లలో జనం ఫోన్ చేసి తమ బాధ తెలుగులో చెప్పుకుంటే, ఏ డాక్టరు దగ్గరికి, ఎంత తొందరగా వెళ్లాలో యంత్రం చెబుతుంది. అదీ అతని ఆలోచన. మంచి ఆలోచనే. యంత్రానికి చెవి నేర్పడానికి భూపాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో జనాన్ని అడిగి, ఒప్పించి, వాళ్ల మాటలు రికార్డు చేశారు. అవి చిన్నచిన్న ముక్కలుగా మాకొచ్చేవి. విని, విన్నది టైపు చేయాలి. వినబడకపోతే "అర్థం కాలేదు" అనే బటన్ నొక్కాలి. నొక్కితే ఆ ముక్క పక్కకు పోతుంది, యంత్రానికి చేరదు.

కంపెనీ పంపిన నియమాల్లో "ప్రామాణిక తెలుగులో రాయండి" అని ఒక వాక్యం ఉంది. దాని అర్థం అక్షర దోషాలు లేకుండా రాయమని. నేను దాన్ని నా పద్ధతిలో చదువుకున్నాను. పత్రికలో ఇరవై ఏళ్లకు పైగా "వచ్చిండు" కనబడితే "వచ్చాడు" అని దిద్దినవాణ్ణి నేను. జిల్లా విలేకరులు రాసిన "గిట్ల"లన్నీ నా ఎర్ర పెన్ను కిందే పోయాయి. కాబట్టి పిల్లలను కూర్చోబెట్టి చెప్పాను: నిఘంటువులో లేని మాట వస్తే, పత్రికలో అచ్చుకాని మాట వస్తే, బటన్ నొక్కి ముందుకు పోండి.

సుజాత ఒక్కతే నొక్కలేదు. గూడూరు దగ్గర అడవి అంచు ఊరు ఆమెది. రోజూ బస్సులో వచ్చేది. మాట తక్కువ. పని చాలా శ్రద్ధగా చేసేది. ఒకరోజు ఆమె పని చూస్తుంటే "పెయ్యి కాలుతంది" అని రాసి ఉంది. పిలిచాను.

"ఇదేమిటమ్మా?"

"ఆమె గదే అన్నది సార్. పెయ్యి కాలుతందట. జరమొచ్చింది."

"పెయ్యంటే ఒళ్లని నాకూ తెలుసు. కానీ చదివేవాళ్లు పెయ్య అంటే ఆవుదూడ అనుకుంటారు. ఇలాంటివి తీసెయ్యమన్నాను కదా."

"నాకు సమజైంది గద సార్. సమజ్ గాలేదని ఎట్ల ఒత్తాలె? అబద్ధమైతది గద?"

వెనక కూర్చున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె నన్ను ఎదిరించిందని నాకు అనిపించింది గానీ, ఆమె అడిగినదానిలో న్యాయం ఉందా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నీకు అర్థం కావడం లెక్క కాదు. రాయదగినదా కాదా అన్నదే లెక్క," అన్నాను.

ఆమె మారలేదు. ఆమె రాసిన అలాంటి ముక్కలకు నేనే బటన్ నొక్కి, ఆమె పని మీద తప్పులు వేస్తూ పోయాను. నెల తిరిగేసరికి ఆమె పేరు పట్టికలో అడుగున ఉంది. ఆ పని నుంచి ఆమెను తప్పించాలని రాసి సంతకం పెట్టింది నేనే. మరుసటి రోజు నుంచి ఆమె రాలేదు. నేను కబురు కూడా అడగలేదు.

మీలో ఎవరైనా రేపు నా కుర్చీలో కూర్చోవచ్చు. ఒక మనిషి పనిలో అన్నీ తప్పులే కనబడుతుంటే, దిద్దుతున్న మీ కొలత ఎలాంటిదో ఒకసారి చూసుకోండి. నేను చూసుకోలేదు.

లచ్చవ్వ

యంత్రం తయారయ్యాక మొదటిసారి జనంలో పెట్టి చూడటానికి భూపాలపల్లి దగ్గర ఒక ఊరు ఎంచుకున్నారు. కార్తీక్ బెంగళూరు నుంచి వచ్చాడు. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, అందరికీ తనే కుర్చీలు వేస్తూ తిరిగాడు. మాధవి నన్ను తోడు పంపింది.

పంచాయతీ ఆఫీసు గదిలో బల్ల మీద ఫోను పెట్టారు. ముందు చదువుకున్న యువకులు ఇద్దరు మాట్లాడారు. యంత్రం చక్కగా జవాబిచ్చింది. కార్తీక్ ముఖం వెలిగిపోయింది. తర్వాత లచ్చవ్వ అనే పెద్దావిడ వచ్చి కూర్చుంది. ఆమె సరదాకి రాలేదు. నిజంగానే బాధతో వచ్చింది. నాలుగు అడుగులు వేసేసరికి గోడ పట్టుకుని ఆగింది.

ఫోను దగ్గరికి వంగి చెప్పింది. "దమ్మొస్తంది బిడ్డా. పండుకుంటె ఇంకింత ఎక్కువైతంది. పెయ్యంత గుంజుతంది."

యంత్రం మర్యాదగా అంది: "క్షమించండి. మీరు చెప్పింది అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగా. అదే జవాబు. మూడోసారి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అదే జవాబు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె నవ్వలేదు. చేతివేళ్లతో పెదవులు తడుముకుంది. నా వైపు తిరిగి, "నా నోరు వడిపోయిందా బిడ్డా?" అని అడిగింది. "మా ముసలాయనకు గూడ గిట్లనే అయింది. ఆయన మంచిగనే మాట్లాడుతున్న అనుకునేటోడు. మాకు సమజ్ కాకపోయేది. నా మాట నీకన్న సమజైతందా?"

ఆమె కళ్లల్లో భయం. యంత్రం తప్పు చేసిందని ఆమెకు తోచలేదు. తనకు పక్షవాతం వచ్చిందనుకుంది.

"సమజైతంది అవ్వా. నీ నోరు మంచిగనే ఉన్నది," అన్నాను. చాలా ఏళ్ల తర్వాత బయటివాళ్ల ముందు నా నోట ఆ యాస వచ్చింది.

కార్తీక్ అప్పటికే కారు తాళాలు తీశాడు. ఆమెను, ఆమె కోడలిని ఎక్కించుకుని భూపాలపల్లి దవాఖానకు పోయాం. దారిలో అతను మెల్లగా అడిగాడు.

"ఆవిడ ఏమన్నారండీ?"

"ఆయాసం వస్తోందని. పడుకుంటే ఎక్కువవుతోందని. ఒళ్లంతా లాగుతోందని."

"దమ్మంటే ఆయాసమా? నా స్క్రీన్ మీద ధైర్యం అని వచ్చిందండీ. పెయ్యి అంటే దూడ అని వచ్చింది." అద్దంలోంచి వెనక సీటు వైపు ఒకసారి చూశాడు. "మీకు వెంటనే అర్థమైంది కదా. మరి మీరు మాకు పంపిన డేటాలో ఈ మాటలు ఒక్కసారి కూడా సరిగ్గా లేవేంటండీ? ఆ ఊళ్లలో రికార్డు చేసినవే కదా."

వెనక సీట్లో లచ్చవ్వ శ్వాస వినబడుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, "రికార్డింగులు అంత స్పష్టంగా వచ్చి ఉండవు," అన్నాను.

డాక్టరు ఆమెను చూసి, గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, సమయానికి తెచ్చారని చెప్పాడు. వరంగల్‌కు పంపారు. ఆమె బతికింది. మేం తెచ్చాం గనుక బతికింది. ఇంట్లో ఒక్కతే ఉండి ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో నాకు ఆ రోజే తెలుసు. అయినా కారులో చెప్పిన అబద్ధాన్ని దిద్దుకోలేదు.

నోరు విప్పడం

వారం తిరక్కుండా కార్తీక్ కంపెనీ నుంచి మాధవికి ఉత్తరం వచ్చింది. మీ దగ్గర పని శ్రద్ధగా జరగడం లేదు, దీన్ని వేరే ఊరికి మార్చాలనుకుంటున్నాం అని. మాధవి రెండు సెంటర్ల వాళ్లనూ జనగామలో కూర్చోబెట్టి ఆ ఉత్తరం చదివింది. ఆ పని పోతే సగం మందికి పని ఉండదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేనేమైనా పొరపాటు చేశానా అని ప్రతి ఒక్కరూ తమలో తాము వెతుక్కుంటున్నారు. ఆ చూపులు భరించలేకపోయాను.

లేచి నిలబడి చెప్పాను. తప్పు పిల్లలది కాదని, రికార్డింగులది కాదని, ఆ మాటలన్నీ మాకు వచ్చాయని, వాటిని పక్కన పడేయమన్నది నేనేనని. కారులో అబద్ధం చెప్పానని కూడా చెప్పాను.

మాధవి ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం ఇలా అంది: "ఇన్నేండ్ల సంది మీరు ఓకే అన్నదాన్ని నేను ఒక్కపారన్న మల్ల చూడలే సార్. గది నా తప్పు. ఇగ గాయనకు ఫోన్ జేసి మీరే చెప్పున్రి. నేను చెప్పను."

నేను చాలామంది పైఅధికారుల కింద పనిచేశాను. అరిచేవాళ్లున్నారు, నెత్తిన పెట్టుకునేవాళ్లున్నారు. కింది మనిషి తప్పు ఒప్పుకున్నప్పుడు అందులో తన వాటా ఎంతో వెతుక్కున్నది ఆమె ఒక్కతే.

ఫోన్‌లో కార్తీక్ అంతా విన్నాడు. "ఆ క్లిప్పులు డిలీట్ చేశారా?" అన్నది అతని మొదటి ప్రశ్న.

"లేదు. పక్కన పెట్టినవన్నీ అలాగే ఉన్నాయి."

"మా ఆఫీసులో తెలంగాణ వాళ్లు ఒక్కరూ లేరండీ. మేమూ ఎప్పుడూ అడగలేదు. మళ్లీ వినడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"అది నేను చెప్పకూడదు. చెప్పాల్సిన మనిషి వేరే ఉంది," అన్నాను.

గూడూరులో

సుజాత గూడూరులో ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో జనానికి దరఖాస్తులు నింపిపెడుతోంది. నేను, మాధవి బస్సు దిగి వెళ్లేసరికి ఒక రైతు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయన పని పూర్తయ్యేదాకా ఆమె మా వైపు చూడలేదు. తర్వాత కుర్చీలు చూపించి, "కూసోండ్రి," అంది.

జరిగింది చెప్పాను. లచ్చవ్వ సంగతి చెప్పాను. "తప్పు నాదే బిడ్డా. నువ్వు చెప్పింది నిజం," అన్నాను.

ఆమె ముఖంలో సంతోషమేమీ కనబడలేదు. "మీరు నన్ను తీసేసిన దినం నేనేమనుకున్ననో ఎర్కేనా సార్?" అంది. "నా పని మంచిగ లేదని గాదు. మా అమ్మ మాట్లాడేది తెలుగే గాదేమో అనుకున్న. ఇంటికి వోయినంక అమ్మ బువ్వ దిను అంటె గూడ జవాబియ్య బుద్ధి గాలే."

మాధవి, "వాపస్ రావాలె సుజాతా. గీ పని నీ చేతుల వెడతా," అంది.

"వస్త. కని ఎట్ల మాట్లాడితె అట్లనే రాయాలె. ఏ మాట ఉండాలె, ఏది పోవాలె అనేది కూసోని ఇనేటోళ్లే చెప్పాలె. గది కాయితం మీద రాసియ్యిండ్రి. మల్ల సారు మారిస్తె?"

మాధవి అక్కడే కాగితం అడిగి రాసి సంతకం పెట్టింది. నేనూ పెట్టాను.

పక్కన పడేసినవన్నీ మళ్లీ వినడానికి ఏడు వారాలు పట్టింది. సుజాత ఆ పనికి పెద్ద. నేనూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అందరితో పాటు కూర్చున్నాను. రెండో రోజే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఆమె 'గుంజుతంది' అన్నది. మీరు 'లాగుతోంది' అని రాసిన్రు. మల్ల ఇనుండ్రి."

మళ్లీ విన్నాను. గుంజుతంది అనే ఉంది. నేను కావాలని మార్చలేదు. చెవిలో పడిన మాట వేళ్ల దాకా వచ్చేలోపు దానంతటదే దిద్దుకుపోతోంది. అలాంటివి ఆమె నా పనిలో రోజూ పట్టేది. ఒక్కసారి కూడా ఎగతాళి చేయలేదు. నేను ఆమెను దిద్దినప్పుడు చుట్టూ నవ్వులుండేవి. ఆమె నన్ను దిద్దేటప్పుడు వంగి చెవిలో చెప్పేది.

ఆ వారాల్లో మేం విన్న మాటలు ఎన్నో. పానం బాగలేదని, కండ్లు తిర్గుతున్నయని, కడుపుల దేవుతందని, అంటే వాంతి వచ్చేట్టుందని. పిల్లలు సిగ్గుపడటం మానేశారు. మా ఊర్ల గిట్లంటరు, మా దిక్కు గట్లంటరు అని వాదించుకునేవారు. ఏ మాటకు ఏ బాధ అన్నది సుజాత ఒక నోటుపుస్తకంలో రాస్తూ పోయింది.

తర్వాత ఏమైంది

మళ్లీ అదే ఊరికి పోయాం. వరంగల్ నుంచి కోలుకుని వచ్చిన లచ్చవ్వ ముందు ఫోను దగ్గరికి రానంది. కోడలు బతిమాలితే వచ్చింది. "అప్పుడు నాకు దమ్మొచ్చేది," అని మొదలుపెట్టింది. "ఇప్పుడు జర నయమే."

యంత్రం అడిగింది: "మీకు ఇంతకుముందు ఆయాసం ఉండేదా?"

ఆమె ఫోను వైపు వేలు చూపిస్తూ గదిలో అందరికీ వినబడేలా అంది: "గదే గదనే నేను అప్పటి సంది మొత్తుకుంటున్నది!"

కార్తీక్ గోడకు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు మిగతాది కూడా తెలియాలి. ఆ ఫోను సేవ రెండేళ్లు నడిచింది. తర్వాత ఒక పెద్ద కంపెనీ కార్తీక్ కంపెనీని కొనేసింది. వాళ్లకు ఊళ్ల వైద్యం మీద ఆసక్తి లేదు. ఫోను ఆగిపోయింది. కార్తీక్ నాకు ఫోన్ చేసి, "ఆపొద్దని చాలా చెప్పి చూశానండీ," అన్నాడు. పేపర్లో మాత్రం అతను విజయం సాధించినట్టే రాశారు. అతని గొంతు విన్నవాణ్ణి గనుక నాకు ఆ వార్త చదవడం కష్టమైంది.

స్టార్టప్‌ల వాళ్లంటే మోసగాళ్లని కొందరంటారు, దేవుళ్లని కొందరంటారు. నేను చూసినవాళ్లు ఎక్కువమంది తొందరలో ఉన్న మంచి పిల్లలు. ఏది తెలియదో కూడా తెలియనంత దూరంలో ఉంటారు. మనం తెలిసీ చెప్పకపోతే తప్పు మనదే. చెప్పినందుకు పని పోయినా సరే, సుజాతలా చెప్పండి. ఆ పని పోగొట్టిన నాలాంటివాడు మళ్లీ మీ గుమ్మానికి వస్తాడని మాత్రం హామీ ఇవ్వలేను. అందరికీ అలా జరగదు.

సుజాత నోటుపుస్తకం నిలబడింది. మాటల పని ఇచ్చే కంపెనీ ఏదొచ్చినా, ముందు దాని నకలు వాళ్ల చేతిలో పెట్టి, ఇలాగే రాస్తాం, ఇష్టమైతేనే ఇవ్వండి అంటుంది మాధవి. చాలామంది ఇస్తున్నారు. భూపాలపల్లిలో కొత్తగా తెరిచిన సెంటర్‌కు సుజాతే ఇన్‌చార్జి.

నేను మానేసిన తర్వాత ఈ మధ్య ఆమె కబురు పెడితే అక్కడికి వెళ్లాను. రికార్డు చేయడానికి ముసలివాళ్ల గొంతులు కావాలట. నన్ను మైకు ముందు కూర్చోబెట్టి, "ఐదు నిమిషాలు మాట్లాడుండ్రి సార్. ఏదన్న సరే. ఇంట్ల మాట్లాడినట్టు," అంది.

"నమస్కారం. నేను మహబూబాబాద్ నివాసిని," అని మొదలుపెట్టాను.

అద్దం అవతల పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. సుజాత తల అడ్డంగా ఊపింది. "వార్తలు చదివినట్టు గాదు సార్."

మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అచ్చు భాషే వచ్చింది. మూడోసారి అసలు నోరే పెగల్లేదు. అప్పుడు కొత్తగా చేరిన ఒక అమ్మాయి తలుపు సందులోంచి తల పెట్టి అడిగింది. "తాతా, పొద్దుగాల ఏం తిన్నవే?"

"సద్దన్నం దిన్న," అన్నాను. "ఉల్లిగడ్డ నంజుకున్న. మా అవ్వ ఉన్నప్పుడైతె గా అన్నంల పచ్చి పులుసు వోసేది. గది ఎట్లుండేదంటె బిడ్డా..."

ఐదు నిమిషాలు ఎప్పుడు దాటాయో నాకు తెలియలేదు. ఎవరూ నన్ను ఆపలేదు.